మున్సిపాలిటీ లేని ఊళ్లో రోడ్డుకీ, ఆటలకీ డబ్బు తేవడం ఎలా?

కెనడాలో ఒంటారియో అనగానే మనవాళ్లకి టొరంటో, బ్రాంప్టన్, మిస్సిసాగా గుర్తొస్తాయి. కానీ ఆ రాష్ట్రం విస్తీర్ణంలో దాదాపు 90 శాతం ఉత్తర ఒంటారియోదే. అక్కడ కెనోరా అనే ఒక్క జిల్లాయే సుమారు 4 లక్షల చదరపు కిలోమీటర్లు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా అంత లేవు. అంత పెద్ద జిల్లాలో ఉండే జనం సుమారు 66 వేలు.

ఇలాంటి నేల మీద ప్రతి పల్లెకీ మున్సిపాలిటీ పెట్టడం కుదరదు. అందుకే గోగామా, ఫోలియెట్, ఆర్మ్‌స్ట్రాంగ్, అప్సాలా లాంటి ఊళ్లు ఏ మున్సిపాలిటీ కిందికీ రావు. వీటిని అన్‌ఆర్గనైజ్డ్ ప్రాంతాలంటారు. మేయరు ఉండడు, కౌన్సిల్ ఉండదు. మన దగ్గర ఎంత మారుమూల ఊరికైనా ఏదో ఒక పంచాయతీ ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. మరి రోడ్డు మీద కంకర ఎవరు పోస్తారు? పిల్లలు స్కేటింగ్ చేసే రింక్‌కి కరెంటు బిల్లు ఎవరు కడతారు?

2019లో గ్రామీణ, ఉత్తర ప్రాంతాల కోసం కెనడా ప్రభుత్వం ఇమ్మిగ్రేషన్ పైలట్ (ప్రయోగాత్మక పథకం) మొదలుపెట్టింది. థండర్ బే, సడ్‌బరీ, టిమ్మిన్స్, సూ సెయింట్ మరీ, నార్త్ బే అందులో ఉండేవి. ఈ ఊళ్లలో స్థిరపడిన తెలుగువాళ్లు ఊరి బయట స్థలం చవగ్గా వస్తుందని చూసేటప్పుడు ఇంటిని చూస్తారు, చెరువును చూస్తారు, రోడ్డు సంగతి మాత్రం అడగరు. ఏప్రిల్‌లో మంచు కరిగి చక్రాలు బురదలో దిగినప్పుడు అడుగుతారు. నేనూ అలా ఆలస్యంగా అడిగినవాణ్ణే. ఆ తర్వాత మా రోడ్డు బోర్డు పనుల్లో కొన్నేళ్లు ఉన్నాను. అప్పుడు నేర్చుకున్నది వరసగా చెబుతాను.

ముందు, రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

డబ్బు సంగతి మాట్లాడేముందు ఈ పని జరగాలి. రోడ్డుకి 500 లేదా 600 సిరీస్‌లో నంబరుంటే అది రాష్ట్రం చూసుకునే సెకండరీ హైవే. 800 సిరీస్ అయితే టెర్షియరీ హైవే. వీటి బాధ్యత రవాణా మంత్రిత్వ శాఖది. మీరు పైసా పెట్టక్కర్లేదు, ఫిర్యాదు చేస్తే చాలు. అడవిలోకి వెళ్లేది కలప రవాణా కోసం వేసిన రోడ్డు కావచ్చు. కాటేజీల మధ్య తిరిగేది ఎవరి సొంత భూమిలోనో వేసుకున్న దారి కావచ్చు. ప్రభుత్వ సొమ్ము ప్రైవేటు దారి మీద ఖర్చుపెట్టడం కష్టం. కాబట్టి పాత పత్రాలు, సర్వే మ్యాపు తీసుకుని రవాణా శాఖ ప్రాంతీయ ఆఫీసుకి వెళ్లి అడగండి. నోటిమాట వద్దు, ఈమెయిల్లో రాయించుకోండి.

మీది ఫస్ట్ నేషన్ రిజర్వు, అంటే అక్కడి ఆదివాసుల ప్రాంతం అయితే దారి పూర్తిగా వేరు. అక్కడ వాళ్ల సొంత పాలక మండలి, బ్యాండ్ కౌన్సిల్ ఉంటుంది, ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ నిధులుంటాయి. ఇంకా ఉత్తరాన గడ్డకట్టిన చెరువుల మీదుగా, బురద నేలల మీదుగా ఏటా 3,000 కిలోమీటర్లకు పైగా వింటర్ రోడ్లు వేస్తారు. వాటి లెక్క ఈ వ్యాసంలోకి రాదు.

రోడ్డు కోసం లోకల్ రోడ్స్ బోర్డు

ఏ మున్సిపాలిటీకీ చెందని రోడ్ల కోసం ఒంటారియోలో లోకల్ రోడ్స్ బోర్డుల చట్టం ఉంది. అక్కడ భూమి ఉన్నవాళ్లు కనీసం పదిమంది కలిస్తే బోర్డు కోసం ముందుకెళ్లొచ్చు. మీటింగ్ పెట్టి, ఓటు వేసి, ట్రస్టీలను ఎన్నుకోవాలి. లెక్కలు, ఉత్తరాలు చూడ్డానికి సెక్రటరీ-ట్రెజరర్ ఉండాలి. తర్వాత మంత్రిత్వ శాఖ మీ ప్రాంతం హద్దులు నిర్ణయించి గుర్తిస్తుంది.

ఇక్కడ ఒక్క సంగతి మనసులో గట్టిగా పెట్టుకోండి. బోర్డు పన్ను రూపంలో వసూలు చేసే ప్రతి 1 డాలరుకీ రాష్ట్రం 2 డాలర్లు కలుపుతుంది. అంటే మీ జేబులోంచి వెళ్లిన డాలరు రోడ్డు మీదికి 3 డాలర్లుగా వస్తుంది. మీ డాలరు లేకపోతే ఆ రెండూ రావు. ప్రభుత్వం ఇచ్చాక మనం చూద్దాం అనుకునే ఊళ్లు ఏళ్ల తరబడి గుంతల్లోనే తిరుగుతాయి.

మీటింగ్‌లో ఈ లెక్కను నల్లబల్ల మీద రాసి చూపించండి. ఉదాహరణకి మీ ప్రాంతంలో 60 ఆస్తులున్నాయి, రోడ్డు 12 కిలోమీటర్లు. ఆస్తికి సగటున 200 డాలర్ల పన్ను పెడితే 12,000 వస్తుంది. రాష్ట్రం వాటా 24,000. మొత్తం 36,000, అంటే కిలోమీటరుకి ఏడాదికి 3,000. ఇప్పుడు పన్ను 25 డాలర్లు పెంచితే ఏమవుతుందో పక్కనే రాయండి. 1,500 మనది, 3,000 రాష్ట్రానిది, మొత్తం 4,500 ఎక్కువ. చేతులు కట్టుకుని వెనక కూర్చున్న పెద్దాయన కూడా ఈ లెక్క చూసి ముందుకి వంగుతాడు. నేను కళ్లారా చూశాను. అయితే పన్ను ఆస్తి విలువను బట్టి ఉంటుంది కాబట్టి అందరికీ ఒకే మొత్తం రాదు. అది కూడా అదే మీటింగ్‌లో చెప్పేయాలి. తర్వాత బిల్లు చూసి కోప్పడటం కంటే ముందే అడిగితే మంచిది.

ఇంకో మంచి ఏర్పాటుంది. ఈ పన్నుని మీరు ఇంటింటికీ తిరిగి అడగక్కర్లేదు. మున్సిపాలిటీ లేని చోట రాష్ట్ర ఆర్థిక శాఖ ప్రొవిన్షియల్ ల్యాండ్ ట్యాక్సు బిల్లు పంపుతుంది. రోడ్డు బోర్డు పన్ను కూడా అందులోనే వస్తుంది. రోజూ ముఖాలు చూసుకునే పొరుగువాళ్ల మధ్య డబ్బు అడగాల్సిన ఇబ్బంది ఉండదు. చిన్న ఊళ్లో ఇది ఎంత పెద్ద ఊరటో అక్కడ ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఓటు భూమి యజమానులది. వేసవిలో మాత్రమే వచ్చే కాటేజీ వాళ్లు కూడా యజమానులే. వాళ్లకి చలికాలం మంచు తీయించడం మీద ఆసక్తి ఉండదు, ఏడాదంతా ఉండేవాళ్లకి అదే ప్రాణం. అందుకని మీటింగ్ జులై, ఆగస్టుల్లో పెట్టండి. వాళ్లు లేనప్పుడు నిర్ణయాలు చేసి తర్వాత చెబితే ఆ గాయం చాలాకాలం మానదు.

దీనికంటే పాతది స్టాట్యూట్ లేబర్ బోర్డు. పన్నుకి బదులు రోడ్డు మీద పని చేసి బాకీ తీర్చే పద్ధతి అందులో ఉంది. మన శ్రమదానానికి దగ్గరగా ఉంటుంది గానీ ఇది చట్టం రాసిన బాధ్యత. కొన్ని చోట్ల ఇప్పటికీ ఉన్నాయి. మీ ఊళ్లో అలాంటిది ఉంటే దాన్ని కాదని కొత్తది పెట్టేముందు అందులో ఉన్న పెద్దవాళ్లతో మాట్లాడండి.

డబ్బు వచ్చాక ముందు నీటి మీద పెట్టండి

అందరూ కంకర అడుగుతారు. కంకర కంటికి కనిపిస్తుంది కాబట్టి. కానీ ఈ నేల మీద రోడ్డును పాడుచేసేది నీళ్లు. చలికాలంలో రోడ్డు కిందున్న తడి గడ్డకట్టి ఉబ్బుతుంది, వసంతంలో కరిగి కూలుతుంది. పక్క కాలువలు పూడిపోతే, తూములు మూసుకుపోతే ఎంత కంకర పోసినా ఒక్క ఏడాదిలో బురదలో కలుస్తుంది.

మేం ఈ తప్పు చేశాం. మొదటి ఏడాది డబ్బంతా కంకర మీద పెట్టాం. మరుసటి వసంతంలో బీవర్లు (చెట్లు కొరికి వాగులకి గట్లు కట్టే జంతువులు) తూము నోట్లో కట్టెలు పేర్చి గట్టు కట్టాయి. నీళ్లు మీంచి పొర్లి రోడ్డు పదిహేను అడుగుల మేర కోసుకుపోయింది. ఆ ఏడాది బడ్జెట్ మొత్తం ఆ ఒక్క తూముకే సరిపోయింది. స్కూలు బస్సు రాక రెండు వారాలు పిల్లల్ని తల్లిదండ్రులే చుట్టూ తిప్పి దింపారు. ఆ రెండు వారాలూ నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఈ వరస పాటించండి. తూములన్నీ లెక్కపెట్టి, ఫొటో తీసి, ఏది ఎప్పుడు వేశారో రాయండి. తర్వాత కాలువలు తవ్వించండి. తర్వాత గ్రేడర్‌తో రోడ్డు మధ్య ఎత్తుగా, అంచులు వాలుగా ఉండేలా చదును చేయించండి. కంకర ఆ తర్వాత. దుమ్ము లేవకుండా కాల్షియం క్లోరైడ్ చల్లించడం డబ్బు మిగిలితేనే. వసంతంలో బరువు లారీల మీద హాఫ్ లోడ్ (తక్కువ బరువే వేయాలన్న) ఆంక్షలుంటాయి కాబట్టి కంకర తోలే పని అప్పుడు పెట్టుకోవద్దు. ఏ పనికైనా ముందు మంత్రిత్వ శాఖ ఆమోదం తీసుకోండి. రాష్ట్రం వాటా ఆ ఆమోదంతోనే ముడిపడి ఉంటుంది.

ఆటలకి వేరే బోర్డు

రోడ్డు బోర్డు డబ్బుతో రింక్ కట్టకూడదు. ఆ పని లోకల్ సర్వీసెస్ బోర్డుది. 1979లో వచ్చిన చట్టం ఇది, ఇప్పుడు నార్తర్న్ సర్వీసెస్ బోర్డుల చట్టం అంటున్నారు. నీటి సరఫరా, అగ్నిమాపకం, చెత్త సేకరణ, మురుగు, వీధి దీపాలు, గ్రంథాలయం, ఎమర్జెన్సీ ఫోన్ సేవలతో పాటు వినోదం, క్రీడలు కూడా ఇందులో ఉన్నాయి. ఇక్కడ లెక్క భూమిని బట్టి కాదు. అక్కడ ఉండేవాళ్లు పదిమంది మీటింగ్ పిలవొచ్చు. ఓటుకి వయసు, పౌరసత్వం లాంటి షరతులుంటాయి కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు తమ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. ఓటు లేకపోయినా పనికి చేతులు ఎప్పుడూ కావాలి.

బోర్డు పెట్టగానే అన్ని అధికారాలూ రావు. ఏ సేవలు కావాలో జనం ఓటు వేసి అడగాలి, మంత్రిత్వ శాఖ ఒప్పుకోవాలి. మొదట్లో అగ్నిమాపకం మాత్రమే అడిగి ఆటల్ని మర్చిపోతే తర్వాత మళ్లీ మొదట్నుంచి తిరగాలి. రెండూ ఒకేసారి అడగండి. దీనికీ పన్ను ల్యాండ్ ట్యాక్సు బిల్లుతో వసూలు చేయించుకోవచ్చు, హాలు అద్దె లాంటి ఫీజులూ పెట్టుకోవచ్చు. మీరు పోగేసిన దానికి జతగా ఉత్తర ప్రాంత అభివృద్ధి మంత్రిత్వ శాఖ గ్రాంటు ఇస్తుంది. ఇక్కడ కూడా మన డాలరే ముందు.

ఆటలంటే విలాసం అని మీటింగ్‌లో ఒకరైనా అంటారు. వాళ్లని కసురుకోవద్దు. మధ్యాహ్నం నాలుగున్నరకే చీకటి పడే డిసెంబరులో, మైనస్ 30లో, పక్క ఊరు గంట దూరంలో ఉన్నచోట పిల్లలకీ పెద్దలకీ కలుసుకునే చోటు ఒకటి ఉండాలి. కమ్యూనిటీ హాలు, దాని వెనక దీపాలున్న రింక్. రాత్రి పదింటికి ఇద్దరు ముగ్గురు పైపు పట్టుకుని పలచగా నీళ్లు పోస్తారు, అది గట్టిపడ్డాక ఇంకో పొర పోస్తారు. ఆ పనికి ఎవరికీ జీతం లేదు. ఖర్చయ్యేది కరెంటుకి, హాలు వేడికి, ఇన్సూరెన్సుకి. బడ్జెట్లో ఇన్సూరెన్సే మొదటి పద్దు కావాలి. అది లేకుండా ఒక్క రోజు కూడా గేటు తెరవొద్దు.

బింగో, లాటరీ పెట్టి డబ్బు పోగేయాలనుకుంటే లైసెన్సు కావాలి. మామూలుగా దాన్ని మున్సిపాలిటీ ఇస్తుంది. మున్సిపాలిటీ లేని చోట రాష్ట్ర ఆల్కహాల్ అండ్ గేమింగ్ కమిషన్‌కి దరఖాస్తు చేయాలి. స్నోమొబైల్ దారుల్ని బోర్డు నెత్తిన వేసుకోవద్దు. వాటిని క్లబ్బులు పర్మిట్ల డబ్బుతో చూసుకుంటాయి.

పెద్ద పనికి గ్రాంటు

హాలు పైకప్పు మార్చాలన్నా, రింక్ చుట్టూ చెక్క గోడ వేయాలన్నా పన్ను చాలదు. అప్పుడు 1988లో ఏర్పడిన రాష్ట్ర నిధి నార్తర్న్ ఒంటారియో హెరిటేజ్ ఫండ్‌ని చూడండి. పర్యాటకంతో ముడిపడిన పనైతే ఫెడరల్ సంస్థ ఫెడ్‌నార్ ఉంది. ఊళ్లో లాభాపేక్ష లేని సంఘం ఉంటే రాష్ట్రం తరఫున గ్రాంట్లిచ్చే ట్రిలియం ఫౌండేషన్‌ని అడగొచ్చు. ఒకప్పుడు గ్యాస్ ట్యాక్స్ ఫండ్ అని పిలిచిన కెనడా కమ్యూనిటీ-బిల్డింగ్ ఫండ్‌లో మున్సిపాలిటీ లేని ప్రాంతాల వాటా రాష్ట్రం ద్వారా వస్తుంది, దాని గురించి మంత్రిత్వ శాఖనే అడగాలి.

దరఖాస్తు రాసేముందు నార్తర్న్ డెవలప్‌మెంట్ అడ్వైజర్‌కి ఫోన్ చేయండి. ఈ అధికారుల పనే మీలాంటి ఊళ్లకి దారి చూపడం. రెండు మూడు కొటేషన్లు తీసుకోండి. మంజూరు ఉత్తరం చేతికి రాకముందు పని మొదలుపెట్టొద్దు, అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు. ముందు చేసిన ఖర్చుని సాధారణంగా ఒప్పుకోరు. కొన్ని గ్రాంట్లలో మీరు ముందు ఖర్చుపెట్టి బిల్లులు పంపాకే డబ్బు వస్తుంది. బ్యాంకులో అంత లేకపోతే కాంట్రాక్టరు డబ్బు కోసం ఫోన్ చేస్తుంటాడు, టెన్షన్ అంతా ట్రెజరర్‌ది. పనిని రెండు ఏళ్లకి విడగొట్టడం మంచిది.

లెక్క గోడ మీద పెట్టండి

ప్రతి బిల్లూ, చెక్కు నంబరూ, మిగిలిన నిల్వా మూడు నెలలకోసారి పోస్టాఫీసు దగ్గర నోటీసు బోర్డుకి అంటించండి. ట్రస్టీ తమ్ముడికే గ్రేడర్ ఉంటే, ఆ పని ఇచ్చేముందు ఆ ట్రస్టీ ఓటు వేయకుండా బయటికి వెళ్లాడని మీటింగ్ మినిట్స్‌లో రాయండి. అందరూ అందరికీ బంధువులైన చోట ఇది రాసి ఉండటం ఆ ట్రస్టీకే రక్ష.

మంచు తీసే కాంట్రాక్టు సెప్టెంబరు దాటకముందే కుదుర్చుకోండి. తొలి మంచు పడ్డాక ఫోన్ చేస్తే చుట్టుపక్కల ఒక్క ట్రాక్టరు కూడా ఖాళీగా దొరకదు.