గ్రాఫిక్స్ కార్డు ఉన్నా వీడియో కన్వర్షన్ నత్తనడకేనా? ముందు ఇవి చూడండి

లగ్గాల సీజన్ మొదలైతే చాలు, నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ స్టూడియోల నుంచి నాకు ఒకటే ఫోన్: "అన్నా, కొత్త కార్డు వేసినా ఎఫ్ఎఫ్ఎంపెగ్ స్పీడు వస్తలేదు." ఎఫ్ఎఫ్ఎంపెగ్ అంటే కమాండ్లు రాసి వీడియోలను మార్చే ప్రోగ్రామ్. నేను ముందు అడిగేది కూడా ఒకటే. కమాండ్ మొదలవగానే స్ట్రీమ్ మ్యాపింగ్ అని వచ్చి, దాని కింద ఒక లైన్ పడుతుంది, అది చదివావా తమ్ముడూ? దాదాపు ఎవరూ చదివి ఉండరు.

ప్రాసెసర్ వంద శాతం, కార్డు ఖాళీ

ఆ లైన్‌లో బాణం గుర్తు తర్వాత లిబ్‌ఎక్స్264 అని ఉంటే ఎన్‌కోడింగ్ (ఫ్రేములను కొత్త ఫైలుగా కుదించే పని) మొత్తం ప్రాసెసరే చేస్తోందని అర్థం. హెచ్‌డబ్ల్యూఏక్సెల్ క్యూడా పెట్టాం కదా అంటారు. అది డీకోడింగ్‌కు, అంటే ఉన్న ఫైలును విప్పడానికి మాత్రమే. సీ కోలన్ వీ దగ్గర హెచ్264_ఎన్వెంక్ (ఎన్విడియా కార్డులోని ఎన్‌కోడర్ పేరు) అని మీరు విడిగా రాయాలి, అదీ ఇన్‌పుట్ ఫైలు పేరు తర్వాత. ముందు రాస్తే అది డీకోడర్ పేరనుకుని ఎర్రర్ ఇస్తుంది. ఈ ఒక్క లైన్ చూడకుండా డ్రైవర్ తీసి మళ్లీ వేయకండి, దయచేసి.

ఎన్వెంక్ అనే ఉంది, అయినా స్పీడు లేదు

ఇక్కడే నేను ఒక సీజన్ మొత్తం దెబ్బతిన్నాను. ఎదుర్కోళ్ల నుంచి బరాత్ దాకా 4కేలో తీసి, పార్టీ వాళ్లకు టీవీలో ఆడేలా 1080పీ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. పాత కెమెరా ఫైళ్లు చకచకా అయిపోయేవి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరా ఫైళ్లు మాత్రం 0.7ఎక్స్ దాటేవి కావు, అంటే గంట వీడియోకు గంట కంటే ఎక్కువే పట్టేది. డ్రైవర్ మూడుసార్లు మార్చాను. కార్డు పాడైందని తీసుకెళ్లి షాపులో చూపించాను. కార్డు నిక్షేపంలా ఉంది. అసలు సంగతేమిటంటే, ఆ ఫైళ్లు 4:2:2, 10 బిట్.

కార్డులో ఎన్‌కోడర్ వేరు, డీకోడర్ వేరు. మామూలు 4:2:0 వీడియోకు రెట్టింపు రంగు సమాచారం 4:2:2లో ఉంటుంది. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కు ముందు వచ్చిన ఎన్విడియా కార్డుల డీకోడర్ దాన్ని విప్పలేదు. అప్పుడు ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆగదు, ఎర్రర్ చూపదు, ఆ పనిని చప్పుడు కాకుండా ప్రాసెసర్ మీద వేస్తుంది. ఎన్‌కోడర్ ఏమో ఫ్రేముల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మ్యాపింగ్ లైన్ కూడా ఇక్కడ దారి చూపదు. డీకోడింగ్ కార్డు చేసినా, ప్రాసెసర్ చేసినా అక్కడ నేటివ్ అనే పడుతుంది.

పట్టుకోవడానికి రెండు పనులు చేయండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో పాటే వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో ఫైలు చూడండి. వైయూవీ422పీ10ఎల్ఈ అని కనిపిస్తే దొంగ దొరికినట్టే. తర్వాత కన్వర్షన్ నడుస్తుండగా ఇంకో విండోలో ఎన్విడియా-ఎస్ఎంఐ డీమాన్ (dmon) పెట్టండి. ఎన్‌కోడర్ వరుసలో ఏదో ఒక అంకె ఉండి, డీకోడర్ వరుసలో అన్నీ సున్నాలే ఉంటే కార్డు సగం పనే చేస్తోంది. విండోస్‌లో టాస్క్ మేనేజర్ వీడియో డీకోడ్ గ్రాఫ్ కూడా ఇదే చెబుతుంది.

అసలు మందు కెమెరా మెనూలో ఉంది. రంగులను ఎక్కువగా మార్చని కవరేజీకి హెచ్ఈవీసీ (హెచ్265) 4:2:0, 10 బిట్ పెట్టండి. జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి కార్డులు దాన్ని హాయిగా విప్పుతాయి. హెచ్264లోనే తీయాలంటే 8 బిట్, 4:2:0 ఉంచండి. హెచ్264లో 10 బిట్ అయితే 4:2:0 అయినా పాత కార్డులు విప్పలేవు.

ఇప్పటికే 4:2:2లో తీసేసిన పెళ్లి సంగతేమిటి? మీది 11వ తరం లేదా ఆ తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్ అయి, మోడల్ పేరు చివర ఎఫ్ లేకపోతే, దాని లోపలి గ్రాఫిక్స్ హెచ్ఈవీసీ 4:2:2ను విప్పగలదు. బయాస్‌లో దాన్ని ఆన్ చేసి, హెచ్‌డబ్ల్యూఏక్సెల్ క్యూడా తీసేసి, ఇన్‌పుట్ ఫైలు పేరుకు ముందు సీ కోలన్ వీ దగ్గర హెచ్ఈవీసీ_క్యూఎస్‌వీ (ఇంటెల్ డీకోడర్ పేరు) రాయండి. ఎన్‌కోడింగ్‌కు ఎన్వెంకే ఉంచండి. పిక్స్ ఎఫ్ఎమ్‌టీ దగ్గర వైయూవీ420పీ పెట్టడం మరవద్దు, లేదంటే 10 బిట్ ఎన్‌కోడ్ కుదరదని ఆగిపోతుంది. హెచ్264 4:2:2 అయితే మాత్రం చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ దారి కూడా లేదు. రాత్రికి ప్రాసెసర్ మీద పెట్టి పడుకోవాలి, లేదా 50 సిరీస్ కార్డు కొనాలి.

డీకోడర్ కూడా పనిచేస్తోంది, ఇంకా ఆశించినంత లేదు

సైజు తగ్గించడానికి మామూలు స్కేల్ ఫిల్టర్ వాడుతున్నారేమో చూడండి. అలా వాడితే ప్రతి ఫ్రేమూ కార్డు నుంచి ర్యామ్‌కు వచ్చి, మళ్లీ కార్డుకు వెళ్తుంది. హెచ్‌డబ్ల్యూఏక్సెల్_అవుట్‌పుట్_ఫార్మాట్ క్యూడా అని ఇన్‌పుట్ ముందు చేర్చి, స్కేల్_క్యూడా వాడండి.

మిగతావి

అవసరమైన ఎన్వెంక్ వెర్షన్‌ను డ్రైవర్ సపోర్ట్ చేయదని వస్తే డ్రైవర్ పాతది, అప్‌డేట్ చేయండి. ఎన్వెంక్ వేగాన్ని, నాణ్యతను నిర్ణయించే ప్రీసెట్‌లో పీ7 నెమ్మదే, పీ4 చాలు. పాత యూఎస్‌బీ 2 పోర్టుకు పెట్టిన హార్డ్ డిస్క్ నుంచి నేరుగా కన్వర్ట్ చేయకండి, ఫైళ్లు ముందు ఎస్ఎస్‌డీలోకి ఎక్కించండి. మీది జీటీ 1030 అయితే ఇవేవీ ప్రయత్నించకండి, అందులో ఎన్వెంకే లేదు.