కాలిక్యులేటర్ ఒకటి చెబితే, జేబులోంచి పోయేది ఇంకొకటి: తేడా ఎక్కడ వస్తోంది?

ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు కూడికల్లో, హెచ్చవేతల్లో తప్పు చేయవు. అప్పిచ్చేవాళ్లు నోటితో చెప్పే అంకె, కాలిక్యులేటర్‌లో మనం వేయాల్సిన అంకె వేరుగా ఉండటం వల్లే చాలా గొడవలు వస్తాయి. కర్నూలు, అనంతపురం, కడప వైపు తరచూ ఎదురయ్యే కొన్ని తేడాలు, వాటిని సరిచేసుకునే దారులు ఇవి.

ముందు ఒక పరీక్ష. ఏ ఈఎంఐ కాలిక్యులేటర్ తెరిచినా లక్ష అప్పు, 12 శాతం, 12 నెలలు వేసి చూడండి. 8,885 వస్తే అది తగ్గుతున్న అసలు మీద లెక్క కడుతోంది. 9,333 వస్తే ఫ్లాట్ లెక్క, అంటే కడుతున్నా తగ్గని మొత్తం అసలు మీద వడ్డీ. దాన్ని మూసేసి ఇంకోటి తెరవండి.

సమస్య: బండి షోరూంలో చెప్పిన కంతు, ఫోన్‌లో వచ్చిన కంతు కలవడం లేదు

లక్ష రూపాయల బైక్ లోన్, 12 శాతం, 36 నెలలు. ఫోన్‌లో నెలకు 3,321 వస్తుంది. ఫైనాన్స్ అతను రాసిచ్చిన కాగితంలో 3,778 ఉంటుంది.

కారణం: అతను చెప్పిన 12 ఫ్లాట్ వడ్డీ. సగం అప్పు తీర్చేశాక కూడా వడ్డీ మొత్తం లక్ష మీదే పడుతుంది. మూడేళ్ల వడ్డీ 36,000 అసలుకు కలిపి 36తో భాగిస్తే 3,778.

పరిష్కారం: శాతం సంగతి పక్కన పెట్టి "చేతికి ఎంత ఇస్తారు, నెలకు ఎంత కట్టాలి, ఎన్ని నెలలు" అని అడగండి. గూగుల్ షీట్స్‌లో రేట్ (RATE) అనే ఫంక్షన్ ఉంది. దానికి నెలల సంఖ్య, మైనస్ గుర్తుతో కంతు, చేతికొచ్చే డబ్బు ఈ వరుసలో ఇస్తే నెల వడ్డీ చెబుతుంది. దాన్ని 12తో హెచ్చవేయండి. పై లోన్‌కు 21.2 శాతం వస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 2,360 ముందే పట్టుకున్నారనుకోండి. చేతికొచ్చేది 97,640, వడ్డీ దాదాపు 23 శాతం.

ఈ షీట్ల గొడవ మనవల్ల కాదనుకుంటే, అప్పు వివరాలన్నీ ఒకచోట ఉండే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడగండి. రిటైల్ అప్పులకు ఈ కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2024 అక్టోబర్ 1 నుంచి తప్పనిసరి చేసింది. అందులో ఏపీఆర్ అని ఉండేది ఫీజులతో కలిపిన ఏడాది వడ్డీ. ఏ రెండు ఆఫర్లనైనా ఆ అంకెతోనే పోల్చండి. "తర్వాత వాట్సాప్‌లో పంపిస్తాం సార్" అంటే సంతకం కూడా తర్వాతే.

సమస్య: రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి, ఈఎంఐ కాలిక్యులేటర్‌లో 2 వేస్తే ఏడాదికి వెయ్యి చిల్లరే చూపిస్తోంది

కారణం: మన దగ్గర రెండు రూపాయలంటే నూటికి నెలకు రెండు. కాలిక్యులేటర్ అడిగేది ఏడాది శాతం. అక్కడ 24 వేయాలి. పైగా ప్రామిసరీ నోటు రాసిచ్చి తెచ్చే అప్పులో అసలు నెలనెలా తగ్గదు కాబట్టి ఈఎంఐ కాలిక్యులేటర్ దీనికి పనికే రాదు.

పరిష్కారం: సాధారణ వడ్డీ కాలిక్యులేటర్ తెరవండి. ఏడాదికి 24,000 వస్తుంది. అయితే ఒక మెలిక ఉంది. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు కాబట్టి ఆలోపే తిరగరాయించుకుంటారు. వడ్డీ కట్టకుండా మూడేళ్లు గడిస్తే కొత్త నోటు 1,72,000కు. ఇంకో మూడేళ్లకు అది 2,95,840. ఆరేళ్లూ ఒకేసారి వేస్తే మాత్రం కాలిక్యులేటర్ 2,44,000 అంటుంది. నోటు మారిన ప్రతిసారీ కొత్త అసలుతో లెక్క మళ్లీ మొదలుపెట్టాలి.

సమస్య: అప్పు మీద కట్టే వడ్డీ కంటే డిపాజిట్ మీద వచ్చే వడ్డీయే ఎక్కువ కనిపిస్తోంది

చదువుకున్నవాళ్లు కూడా తడబడేది ఇక్కడే. చేతిలో 2 లక్షలున్నాయి. ఇంకా ఐదేళ్లు కట్టాల్సిన 2 లక్షల లోన్ 10 శాతానికి ఉంది. కాలిక్యులేటర్‌లో లోన్ వడ్డీ మొత్తం 54,964 వస్తుంది. అదే 2 లక్షలు 7 శాతానికి ఐదేళ్లు ఎఫ్‌డీ వేస్తే వడ్డీ 82,956. "లోన్ తీర్చడం దండగ, ఎఫ్‌డీయే మేలు" అనిపిస్తుంది.

కారణం: లోన్‌లో అసలు నెలనెలా కరిగిపోతుంది, ఎఫ్‌డీలో చివరిదాకా ఉంటుంది. పైగా లోన్ కట్టడానికి నెలకు 4,249 మీ జీతంలోంచి పోతోంది. ఆ డబ్బును ఎఫ్‌డీ కాలిక్యులేటర్ లెక్కలోకే తీసుకోలేదు.

పరిష్కారం: రెండు వైపులా ఒకే డబ్బు పెట్టి చూడండి. లోన్ ఇప్పుడే తీర్చేసి, మిగిలిన 4,249ను నెలనెలా అదే 7 శాతానికి ఆర్‌డీలో (రికరింగ్ డిపాజిట్) వేయండి. ఐదేళ్లకు 3,05,600 దాకా చేతికొస్తుంది. ఎఫ్‌డీ దారిలో వచ్చేది 2,82,956. అంటే లోన్ తీర్చడం వల్ల దాదాపు 22,700 లాభం. ముందే తీర్చినందుకు పెనాల్టీ ఉంటే ఇందులోంచి తీసేయండి. ఆర్‌డీ క్రమం తప్పకుండా వేసే అలవాటు లేనివాళ్లకు ఈ లెక్క నిలవదు, అది వేరే సంగతి.

సమస్య: గోల్డ్ లోన్ కాలిక్యులేటర్ చూపినంత కౌంటర్‌లో ఇవ్వడం లేదు

ప్రొద్దుటూరులో కొన్న నగ అయినా, ఊళ్లో చేయించింది అయినా కథ ఒకటే. మనం మొత్తం బరువు, ఈరోజు 24 క్యారట్ల ధర వేస్తాం. వాళ్లు రాళ్ల బరువు తీసేసి, ఆ నగ క్యారట్‌కే ధర కడతారు. రిజర్వ్ బ్యాంక్ 2025 నిబంధనల ప్రకారం గత 30 రోజుల సగటు ధర, ముందురోజు ముగింపు ధర, ఈ రెండింటిలో తక్కువదే లెక్క. నికర బరువు, 22 క్యారట్ల ధర వేసి చూడండి, తేడా చాలావరకు పోతుంది.

సమస్య: సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) కాలిక్యులేటర్ 25 లక్షలంటోంది, నమ్మొచ్చా?

నెలకు 5,000, 15 ఏళ్లు, 12 శాతం వేస్తే 25.2 లక్షలు వస్తుంది. ఆ 12 ముందే నింపి ఉంచిన అంకె, ఎవరి హామీ కాదు. 8, 10 కూడా వేసి చూడండి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే, ఆ 25.2 లక్షలు నేటి పదిన్నర లక్షలతో సమానం. పాప పెళ్లికో, బాబు ఇంజినీరింగ్‌కో దాచేవాళ్లు ఈ రెండో అంకెనే చూడాలి.

సమస్య: లెక్క చూద్దామంటే ఫోన్ నంబర్, పాన్ అడుగుతోంది

మూసేయండి. అప్పు, వడ్డీ, కాలం తప్ప ఈఎంఐ లెక్కకు ఇంకేమీ అక్కర్లేదు. నంబర్ ఇస్తే లోన్ కాల్స్ టెన్షన్ అదనం.

సమస్య: "కట్టగలరు" అని కాలిక్యులేటర్ చెప్పినా మూడో నెలకే కంతు బౌన్స్ అయింది

కారణం: ఆ లెక్క నెల జీతం వచ్చేవాళ్లది. అనంతపురం వైపు జూన్, జూలైలో శెనక్కాయ వేస్తే డబ్బు కళ్లజూసేది అక్టోబర్ తర్వాతే. ఏడాదికి 1,80,000 మిగిలే రైతు నెల ఆదాయం 15,000 అని వేస్తే 5,000 కంతు తేలికగానే కనిపిస్తుంది. ఆగస్టులో ఆ 5,000 ఎక్కడినుంచి తెస్తారని ఏ యాప్ అడగదు.

పరిష్కారం: వాన సరిగా పడని ఏడాది ఎంత మిగిలిందో ఆ అంకె వేయండి. పంట డబ్బు వచ్చినప్పుడే తర్వాతి పంట దాకా కట్టాల్సిన కంతులన్నీ వేరే ఖాతాలో పెట్టగలిగితేనే ఈఎంఐ జోలికి వెళ్లండి. లేదంటే పంట చేతికొచ్చాక ఒకేసారి కట్టే అప్పు చూసుకోవాలి. 3 లక్షల లోపు పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4. లక్షకు ఏడాదికి 4,000 అని లెక్కలో రాసుకునే ముందు బ్యాంకులో గడువు తేదీ కనుక్కోండి. అది దాటితే రాయితీ పోతుంది, 7,000 వేసుకోవాల్సిందే.