దంతవైద్యులు వ్యాయామానికి వీలు చేసుకోవడం ఎలా?

సాయంత్రం ఓపీ ముగిసేసరికి మెడ, నడుము పట్టేసి ఉంటాయి. ఒళ్లు హూనమైపోయాక మళ్లీ వ్యాయామం కూడానా అనిపిస్తుంది. శ్రీకాకుళంలో క్లినిక్ పెట్టిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. కానీ మన అలసట వేరు. రూట్ కెనాల్ చేస్తూ మెడ వంచి, చేతులు గాల్లో నిలిపి ముప్పావుగంట కూర్చుంటే కండరాలు బిగుసుకునే ఉంటాయి. వాటికి రక్తం సరిగా ఆడదు, అందుకే నొప్పి. గుండెకు మాత్రం పెద్దగా పని పడదు.

ముందు ఒక వారం లెక్క రాయండి. ఎన్ని నిమిషాలు నడిచారు, ఒళ్లు వేడెక్కే పని ఎంతసేపు చేశారు, ఆయాసం వచ్చేది ఎంతసేపు, కూర్చున్నది ఎన్ని గంటలు? శారీరక శ్రమను కొలవడానికి పరిశోధనల్లో వాడే ఐపాక్ ప్రశ్నావళి కూడా గడిచిన 7 రోజుల గురించి దాదాపు ఇవే అడుగుతుంది. డెంటల్ చైర్‌కీ సింక్‌కీ మధ్య వేసిన నాలుగడుగుల్ని చురుకైన నడకలో కలిపేయకండి. నేను కలిపాను, లెక్క భలే ఘనంగా వచ్చింది!

తర్వాత నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినదాని ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమ కావాలి. నడుస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది మధ్యస్థాయి. ఊళ్లోంచి అరసవల్లి సుమారు 2 కిలోమీటర్లు. చురుగ్గా వెళ్లొస్తే 50 నిమిషాలు పడుతుంది, వారానికి మూడుసార్లు వెళ్తే 150 అయినట్టే. ఎండాకాలంలో ఉక్కపోత మొదలవకముందే బయల్దేరండి. ఆదివారం మాత్రం వద్దు, అక్కడి సూర్యదేవుడి గుడికి వచ్చే భక్తుల రద్దీలో నడక సాగదు. విజయనగరం వాళ్లకైతే పెద్దచెరువు వైపు వెళ్లొచ్చు.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక దొరికే నిమిషాలు వాడుకోండి. తిమ్మిరెక్కేదాకా ఎలాగూ ఆగాలి. ఆ సమయంలో పేషెంట్‌ను వదిలి వెళ్లకూడదు కాబట్టి అక్కడే లేచి నిలబడండి. భుజాలు వెనక్కి తిప్పండి, గడ్డం లోపలికి లాగి మెడ నిటారు చేయండి. గ్లౌజులతో ఒంటిని తాకొద్దు. మీ అసిస్టెంట్‌ను కూడా లేపండి. పేషెంట్ నోట్లో నీళ్లు, ఉమ్మి లాగే సక్షన్ గొట్టం పట్టుకుని ఓ పక్కకి వంగి ఉండే ఆ మనిషి నడుము గురించి ఎవరూ అడగరు.

వారంలో కనీసం రెండు రోజులు కండరాల బలం కోసం. రోజంతా ముందుకే వంగుతాం కాబట్టి వీపుకు ఎక్కువ పని చెప్పాలి: భుజంగాసనం, రబ్బరు బ్యాండ్ లాగడం. ఛాతీకి, చేతులకు గోడ మీద పుషప్‌లు. సూర్యనమస్కారాలు మంచివే, డిస్క్ సమస్య ఉంటే డాక్టర్‌ను అడిగాకే చేయండి. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే, చేతిలో పట్టు తగ్గుతుంటే వ్యాయామం కన్నా ముందు పరీక్ష చేయించుకోండి.

చివరగా, అపాయింట్‌మెంట్ పుస్తకంలో మీకూ చోటు పెట్టుకోండి. ఖాళీగా ఉంచితే "అర్జెంట్ సార్, పన్ను సలుపుతోంది" అంటూ ఎవరో ఒకరు వచ్చేస్తారు. సాయంత్రం ఓపీకి ముందు అరగంట నేను 'సూర్యనారాయణ' అనే పేరు మీద రాసుకున్నాను. మా అసిస్టెంట్‌కు చెప్పడం మరిచిపోయాను. నెలరోజుల పాటు ఆ అమ్మాయి దిగులుగా వచ్చి, "సార్, ఆ సూర్యనారాయణ గారు ఈరోజు కూడా రాలేదండీ" అని చెప్తూనే ఉంది.