సెలవు రోజు ‘ఇంట్లోనే ఉంటా’ అనకండి

నలుగురిలో ఎక్కువసేపు ఉంటే నీరసం వచ్చే నాలాంటివాళ్లకు ఒక మాట. సెలవు రోజు ఏం చేస్తావని అడిగితే "ఇంట్లోనే ఉంటా" అని మాత్రం చెప్పకండి. మా కడపలో ఆ మాటకు అర్థం ఖాళీగా ఉన్నాడని. "ఊరికేనే ఉండావు కదప్పా, పెండ్లికి పోయొద్దాం రా" అంటూ చిన్నాయన బండేసుకుని వాకిట్లో నిలబడతాడు.

పేరున్న చోటొకటి చెప్పండి. నేనైతే "బ్రౌన్ లైబ్రరీలో పనుంది" అంటా. అబద్ధమేం కాదు, చదవడమూ పనే. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలోనే ఆ గ్రంథాలయం కట్టారు. అక్కడ నోరు మూసుకుని కూర్చుంటే "ఏం, అలిగినావా?" అని అడిగేవాళ్లు ఉండరు. ఎవరో కాగితం తిప్పిన చప్పుడు, అంతే. రెండు గంటలు చాలు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచి అడుగున వేయండి. జేబులో ఉంటే చెయ్యి ఊరుకోదు. వెళ్లేముందు వేళలు కనుక్కోండి.

తిరిగొచ్చేటప్పుడు ఒక టీ తాగి, సాయంత్రం చిన్నాయన ఇంటికి నేనే పోతా. అప్పటికి పెండ్లి కబుర్లు వినే ఓపిక వచ్చి ఉంటుంది.