హలీం దినుసుల్లో జీవ బృహదణువులను గుర్తించే విధానం

జీవ బృహదణువులంటే జీవుల్లో ఉండే పెద్ద అణువులు: పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ. హైదరాబాదీ హలీంలో గోధుమ, పప్పు, మాంసం, నెయ్యి కలిసిపోయి ఉంటాయి కనుక, వండిన వంటకాన్ని కాక దినుసులను విడివిడిగా పరీక్షించడం మేలు.

ఉడికించి మెదిపిన గోధుమలు పూర్తిగా చల్లారాక రెండు చుక్కల అయోడిన్ ద్రావణం వేస్తే నీలి నలుపు రంగు వస్తుంది. వేడిగా ఉంటే ఆ రంగు నిలవదు. అది పిండిపదార్థం. శరీరం దానిని గ్లూకోజుగా విడగొట్టి శక్తికి వాడుకొని, మిగులులో కొంత కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్‌గా నిలవచేస్తుంది.

నానబెట్టి రుబ్బిన పప్పును వడకట్టి, ఆ నీటికి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం, ఆపై కొద్ది చుక్కల కాపర్ సల్ఫేట్ ద్రావణం కలిపితే కనిపించే ఊదా రంగు మాంసకృత్తులకు గుర్తు. సోడియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి ఈ పరీక్షను అధ్యాపకుల సమక్షంలో ప్రయోగశాలలోనే చేయాలి. 20 రకాల అమైనో ఆమ్లాలతో అల్లుకున్న ఈ అణువులే ఎంజైములుగా, హిమోగ్లోబిన్‌గా, ప్రతిరక్షకాలుగా పనిచేస్తాయి.

నెయ్యి కాగితంపై ఆరని మరకను మిగులుస్తుంది. కొవ్వులు నిజానికి పాలిమర్లు (చిన్న అణువులు గొలుసుగా కలిసి ఏర్పడే పెద్ద అణువులు) కావు, అయినా పాఠ్యపుస్తకాలు వాటిని బృహదణువుల వరుసలోనే చేరుస్తాయి. గ్రాముకు సుమారు 9 కిలోకేలరీలు ఇస్తాయి.

డీఎన్‌ఏకు పచ్చి ఉల్లిపాయే కావాలి, హలీంపై చల్లే వేయించినది పనికిరాదు. ఉప్పు, గిన్నెలు తోమే ద్రవం కలిపిన నీటిలో ఉల్లిగుజ్జును నానబెట్టి వడకట్టి, అంచు వెంబడి చల్లని ఆల్కహాల్ మెల్లగా పోస్తే తెల్లని పోగులు పైకి తేలుతాయి. మాంసకృత్తుల తయారీకి సూచనలు డీఎన్‌ఏలో ఉంటాయి; ఆ సూచనలను, కణంలో మాంసకృత్తులు తయారయ్యే చోట్లయిన రైబోజోములకు చేర్చేది ఆర్‌ఎన్‌ఏ.