డిశ్చార్జ్ బుక్‌లో తప్పు పడిందా? సరిచేయించుకోవడం ఇలా

మా బాబాయి ఆర్మీలో హవల్దారుగా రిటైరై బెంగళూరు రామమూర్తి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. పిన్ని పేరు నాగలక్ష్మి. ఆధార్‌లో అదే, పాన్‌లో అదే, బ్యాంకు పాస్‌బుక్‌లోనూ అదే. రిటైరైనప్పుడు ఆర్మీ చేతికిచ్చే సర్వీసు వివరాల పుస్తకం, అంటే డిశ్చార్జ్ బుక్‌లో మాత్రం నాగమ్మ. పెళ్ళయిన కొత్తలో యూనిట్ క్లర్కు "బీవీ కా నామ్?" అని అడిగితే ఈయన ఇంట్లో పిలిచే పేరు చెప్పేశాడట. ఆ నాగమ్మ వల్ల ఏళ్ళ తరబడి ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. పెన్షన్ స్పర్శ్ అనే రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థలోకి మారి, వివరాలు సరిచూసుకోవాల్సి వచ్చినప్పుడు గానీ, కాగితాల లెక్కన బాబాయికి ఇద్దరు పెళ్ళాలున్నట్టుందని మాకు తెలీలేదు.

ఆయన ఉండగా అయితే ఇది నాలుగు సంతకాలతో తెమిలే పని. ఆయన తర్వాత, ఫ్యామిలీ పెన్షన్ కోసం "ఆ నాగమ్మను నేనే" అని పిన్ని ఒక్కతే నిరూపించుకోవాల్సి వస్తే ఎంత తిప్పటో ఆలోచించండి. ఇంట్లో మాజీ సైనికుడు ఉంటే వచ్చే ఆదివారమే ట్రంకు పెట్టె తెరవండి.

1. కాగితాలన్నీ పక్కపక్కన పరవండి

డిశ్చార్జ్ బుక్, పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), తర్వాత వచ్చిన సవరణ పీపీవోలు ఉంటే అవి, స్పర్శ్ ప్రొఫైల్ ప్రింటవుట్, భార్యాభర్తలిద్దరి ఆధార్, పాన్, పాస్‌బుక్, టెన్త్ సర్టిఫికెట్. ఒక తెల్లకాగితం మీద గళ్ళు గీసి సొంత పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, భార్య పేరు, ఆమె పుట్టిన తేదీ, పిల్లల పేర్లు, సొంతూరి చిరునామా ఏ కాగితంలో ఎలా ఉన్నాయో ఉన్నదున్నట్టు రాయండి. చూపుతో చదివితే తప్పు దొరకదు, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదవాలి.

మన పేర్లతో వచ్చే చిక్కు ప్రత్యేకం. లత, సుజాత అని ఇంగ్లీషులో రాసేటప్పుడు మనం టీ పక్కన హెచ్ పెడతాం. ఉత్తరాది క్లర్కుకి ఆ హెచ్ అక్కర్లేదు. లక్ష్మికి మనం కె, ఎస్, హెచ్ రాస్తే ఆయన ఎక్స్‌తో తేల్చేస్తాడు. ఇంటిపేరు ముందుంటుందని ఆయనకి తెలీదు కాబట్టి చివరున్న మాటనే ఇంటిపేరు అనుకుంటాడు. ఆ పూట ఆయన రాసిందే మీ సర్వీసు రికార్డు. ఆయన్ని అని లాభం లేదు, చదవకుండా సంతకం పెట్టింది మనమే కదా.

ఇంకొకటి. తప్పుగా పడిన పేరు కన్నా అసలు పడని పేరు ప్రమాదం. చివరి సంతానం పేరు పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే కుటుంబ వివరాల్లో మార్పుల్ని సర్వీసు రికార్డుకి ఎక్కించే ఉత్తర్వులో, ఎక్కకుండానే రిటైరైనవాళ్ళు ఉంటారు. పిల్లల్లో ఎవరికైనా వైకల్యం ఉండి సొంతంగా సంపాదించుకోలేని పరిస్థితి అయితే, తల్లిదండ్రుల తర్వాత ఆ బిడ్డకి జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలుంది. రికార్డులో పేరే లేకపోతే ఆ హక్కు అడగడానికే ఏళ్ళు పడతాయి. మిగతావి ఆగినా ఇది ఆపకండి.

2. ఏ కాగితం మార్చాలో తేల్చుకోండి

అందరూ ఆర్మీ రికార్డే మార్పించాలని బయల్దేరతారు. ఒక్కోసారి అది చుట్టుదారి. డిశ్చార్జ్ బుక్, టెన్త్ సర్టిఫికెట్ ఒకే మాట చెబుతూ ఆధార్ ఒక్కటే వేరేగా ఉంటే ఆధార్ మార్చుకోవడమే తేలిక. కాకపోతే ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకే ముందు గళ్ళ కాగితం పూర్తి చేసి, ఆ తర్వాతే ఆధార్ సెంటర్‌కి వెళ్ళండి.

సైనికుడి సొంత పుట్టిన తేదీ సంగతి వేరు. భర్తీ అయిన రోజు రాసిందే ఖాయం అనుకోండి. రిటైరయ్యాక దాని మీద ప్లీడర్లకి డబ్బు పోయడం నా దృష్టిలో దండగ. భార్య పేరు, ఆమె పుట్టిన తేదీ, పిల్లల వివరాలు మాత్రం రుజువులుంటే మారతాయి.

3. మీ రికార్డ్ ఆఫీసు ఏదో చూసుకోండి

బెంగళూరులో ఉన్నాం కదా, ఏ కంటోన్మెంట్ గేటు దగ్గరికెళ్ళినా పనైపోతుందనుకుంటే పొరపాటు. మీరు ఏ రెజిమెంటో, ఏ కోరో దాన్ని బట్టి మీ సర్వీసు పత్రాలు ఉంచే రికార్డ్ ఆఫీసు ఉంటుంది. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, ఏఎస్‌సీ (ఆర్మీ సర్వీస్ కోర్) సౌత్, పయనీర్ కోర్, మిలిటరీ పోలీస్, పారాచూట్ రెజిమెంట్ వాళ్ళవి బెంగళూరులోనే ఉన్నాయి. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్లు), ఆర్డ్‌నెన్స్ వాళ్ళకి సికింద్రాబాద్. ఆర్టిలరీకి నాసిక్ రోడ్ క్యాంప్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్‌కి వెల్లింగ్టన్, మెడికల్ కోర్‌కి లక్నో. నేవీ వాళ్ళు ముంబై మాన్‌ఖుర్ద్‌కి, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు ఢిల్లీ సుబ్రతో పార్క్‌కి రాయాలి. రిటైరయ్యాక మళ్ళీ డీఎస్‌సీ (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్)లో చేరినవాళ్ళకి కన్నూరు కూడా ఉంటుంది. వీళ్ళు రెండు డిశ్చార్జ్ బుక్‌లూ చూసుకోవాలి.

4. దరఖాస్తు కట్ట

ఉత్తరం ఒక్క పేజీ దాటొద్దు. ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి. పైన ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, భర్తీ అయిన తేదీ, డిశ్చార్జ్ తేదీ, పీపీవో నంబరు. కింద అసలు సంగతి: "డిశ్చార్జ్ బుక్ ఫలానా పేజీలో నా భార్య పేరు నాగమ్మ అని ఉంది. నాగలక్ష్మి అని ఉండాలి. ఇద్దరూ ఒక్కరే. రుజువులు జతచేశాను." అంతే. సియాచిన్‌లో ఎన్నాళ్ళున్నారో అక్కడ రాయకండి. మా బాబాయి మొదటి ఉత్తరం మూడు పేజీలు, అందులో పిన్ని పేరు రెండో పేజీ చివర్లో వస్తుంది.

జతచేసేవి: డిశ్చార్జ్ బుక్‌లో ఆ పేజీ జిరాక్స్, పీపీవో, ఇద్దరి ఆధార్, పాన్ నకళ్ళు, భార్యాభర్తలిద్దరి జాయింట్ ఫోటో, పేర్లు వేరైనా మనిషి ఒక్కరేనని ఈ-స్టాంప్ పేపర్ మీద అఫిడవిట్. ఇక్కడే చాలామంది రెండుసార్లు ఖర్చు పెడతారు. కొన్ని చోట్ల నోటరీ సంతకం చాలు, కొన్ని చోట్ల మేజిస్ట్రేట్ ఎదుటే కావాలంటారు. పేరు మొత్తంగా మారితే పేపర్ ప్రకటన, గెజిట్ కూడా అడగొచ్చు. అందుకని ముందు రికార్డ్ ఆఫీసుకి ఫోన్ చేసో, మెయిల్ రాసో వాళ్ళ జాబితా, నమూనా తెప్పించుకోండి. ఒక్క హెచ్ కోసం గెజిట్ వేయిస్తానని ఏజెంటు అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

నకళ్ళ మీద జిల్లా సైనిక సంక్షేమ అధికారి సంతకం, ముద్ర ఉంటే బలం. కర్ణాటకలో మాజీ సైనికుడిగా పేరు నమోదైనవాళ్ళు ఇక్కడి జిల్లా ఆఫీసుకి వెళ్ళొచ్చు. రాష్ట్ర స్థాయి కార్యాలయం ఫీల్డ్ మార్షల్ కరియప్ప రోడ్డులో, అంటే మనం రెసిడెన్సీ రోడ్డు అనే చోట ఉంది. గిద్దలూరు నుంచో మదనపల్లె నుంచో వచ్చి స్థిరపడి, నమోదు ఇంకా సొంత జిల్లాలోనే ఉంటే, ఊరెళ్ళినప్పుడు అక్కడే చేయించుకోండి.

కట్ట మొత్తానికి ఒక జిరాక్స్ సెట్ ఇంట్లో ఉంచి స్పీడ్ పోస్టులో పంపండి. ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్ మాత్రం వాళ్ళు రాసి అడిగేదాకా పంపొద్దు.

5. పంపాక

రికార్డ్ ఆఫీసు ఒప్పుకుంటే మార్పును పార్ట్ టూ ఆర్డర్‌గా ప్రచురిస్తుంది. పీపీవోలోనూ మారాల్సినవి ప్రయాగ్‌రాజ్‌లో రక్షణ శాఖ పెన్షన్లు చూసే ఆఫీసు పీసీడీఏ పెన్షన్స్‌కి వెళ్ళి సవరణ పీపీవోగా వస్తాయి. ఆ తర్వాత స్పర్శ్‌లో లాగిన్ అయి కొత్త వివరం ఎక్కిందో లేదో చూసుకోవాలి. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం), క్యాంటీన్ కార్డులు వాటంతట అవి మారవు, విడిగా అడగాలి.

6. ఉలుకూ పలుకూ లేకపోతే

మా కట్ట వెళ్ళిన రెండు నెలలకీ జవాబు లేదు. ఒక రిమైండర్ పంపాం. అదీ పోయాక ఆర్టీఐ పెట్టాం. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. "నా పేరు ఎప్పుడు మారుస్తారు?" అని అడగొద్దు. "ఫలానా తేదీన అందిన నా దరఖాస్తు ఇప్పుడు ఏ దశలో ఉంది, దాని మీద రాసిన నోటింగ్స్ నకలు ఇవ్వండి" అని అడగాలి. ఫైలు కదిలేది ఆ రెండో ప్రశ్నకే. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లోనూ పెట్టొచ్చు.

డిశ్చార్జ్ కారణం, మెడికల్ కేటగిరీ, క్యారెక్టర్ గ్రేడ్ లాంటివి తప్పుగా ఉన్నాయంటే అది అక్షర దోషం కాదు, వివాదం. అక్కడ శాఖాపరమైన అప్పీళ్ళు ముగించి ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోపు వేయడం నియమం. కర్ణాటకలో ఉండేవాళ్ళకి కొచ్చి బెంచ్, ఆంధ్రలో ఉండేవాళ్ళకి చెన్నై బెంచ్. దీనికి ప్లీడరు కావాలి.

పెన్షన్ లేకుండా బయటికొచ్చినవాళ్ళు అసలు ఆలస్యం చేయొద్దు. వాళ్ళ సర్వీసు పత్రాలను 25 ఏళ్ళ తర్వాత తీసేస్తారు, లాంగ్ రోల్ అనే రిజిస్టరులో నాలుగు ముక్కలు మాత్రం మిగులుతాయి.

సవరణ కాగితం చేతికొచ్చిన రోజు దాన్ని కూడా వేలు పెట్టి చదవండి. మాకొచ్చిన మొదటి దానిలో నాగలక్ష్మి సరిగ్గానే ఉంది, పిన్ని పుట్టిన నెల తారుమారైంది. మళ్ళీ ఒక పేజీ ఉత్తరం, మళ్ళీ స్పీడ్ పోస్టు. ఇప్పుడు అంతా సరిగ్గా ఉంది. పార్ట్ టూ ఆర్డర్ నకలు డిశ్చార్జ్ బుక్‌లోనే మడతపెట్టి ట్రంకులో పెట్టాం. తాళంచెవి ఎక్కడుంటుందో పిన్నికి కూడా చెప్పమన్నాను. ఆయన నవ్వి మొలతాడు చూపించాడు.