తీసేసినా తిరిగొచ్చే టూల్‌బార్

బ్రౌజర్ తెరవగానే మీరు పెట్టుకోని హోమ్‌పేజీ వస్తోందా? అడ్రస్ బార్‌లో ఏదైనా వెతికితే పేరు కూడా వినని సెర్చ్ ఇంజిన్‌లో ఫలితాలు తెరుచుకుంటున్నాయా? పాత రోజుల్లో అయితే అడ్రస్ బార్ కింద టూల్‌బార్ అనే రంగురంగుల పట్టీ కనిపించేది. ఇప్పుడు పట్టీ ఉండదు. అదే పనిని ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) చడీచప్పుడు లేకుండా చేస్తుంది.

ఎలా చేరింది?

చాలాసార్లు తలుపు తీసింది మనమే. ఉచిత వీడియో ప్లేయరో, పీడీఎఫ్ కన్వర్టరో ఇన్‌స్టాల్ చేస్తూ ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోతాం. ‘కస్టమ్’ ఎంచుకుంటే, దీన్ని కూడా చేర్చమంటూ ముందే టిక్ పెట్టి ఉన్న చిన్న గడి కంటపడి ఉండేది.

మొదట ఏం చేయాలి?

విండోస్ సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ చేసిన యాప్‌ల జాబితాను తేదీల వారీగా పేర్చండి. ఇబ్బంది మొదలైన రోజున మీకు తెలియకుండా చేరినవి ఉంటే తొలగించండి. అప్పుడు వచ్చే పెట్టెను నిదానంగా చదవాలి. ‘ఉంచు’ అనే బటన్ పెద్దగా మెరుస్తూ, ‘తొలగించు’ మాత్రం లేత బూడిద రంగులో ఓ మూలన ఉండటం వీటికి అలవాటు.

తర్వాత బ్రౌజర్‌లోని ఎక్స్‌టెన్షన్లు, అవి తీసుకున్న అనుమతులు చూడండి. అన్ని సైట్లలోని డేటాను చదివి మార్చే అనుమతి క్యాలిక్యులేటర్‌కు ఎందుకు? అన్నీ ఆపేసి, ఒక్కొక్కటే ఆన్ చేస్తూ పోతే దొంగ దొరుకుతుంది.

మళ్లీ వచ్చిందా?

అసలు తలనొప్పి ఇక్కడే. పైకి కనిపించేదాన్ని పీకేశారు, దాన్ని తిరిగి నాటేది ఇంకెక్కడో ఉంది.

డెస్క్‌టాప్ మీద బ్రౌజర్ షార్ట్‌కట్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ గడి చూడండి. ప్రోగ్రామ్ ఫైలు పేరు, కొటేషన్ గుర్తు ముగిశాక ఏదైనా వెబ్ చిరునామా తగిలించి ఉంటే ఆ చిరునామాను మాత్రమే చెరిపేయండి. టాస్క్‌బార్‌లో ఉన్నది వేరే షార్ట్‌కట్, దాన్నీ చూడాలి.

ఎక్స్‌టెన్షన్‌కు ‘తొలగించు’ బటనే లేకుండా, సొంత కంప్యూటర్‌లో ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అని కనిపిస్తే, విండోస్ సెట్టింగులు దాచే రిజిస్ట్రీలో ఎవరో పాలసీ (బ్రౌజర్ తప్పక పాటించే నియమం) రాసి ఉండవచ్చు. కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఇలా రాస్తాయి కాబట్టి తొందరపడవద్దు. క్రోమ్ అయితే రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి, హెచ్‌కీ లోకల్ మెషీన్‌లో సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ వరుసలో వెళ్లి, ముందుగా దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, ఆ ఎక్స్‌టెన్షన్ ఐడీ ఉన్న పద్దును మాత్రమే తీసేయండి. ఆఫీసు కంప్యూటర్‌లో ఆ వాక్యం నిజమే, దాని జోలికి వెళ్లవద్దు.

తొలగించిన మర్నాడే ప్రత్యక్షమైతే, పనులను నిర్ణీత వేళకు వాటంతటవే నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో వెతకండి. ఒకే ఖాతాతో వాడే రెండో కంప్యూటర్ నుంచి, రెండు బ్రౌజర్లనూ ఒకేలా ఉంచే సింక్ ద్వారా కూడా దిగుమతి కావచ్చు. సింక్ ఆపి, రెండింటినీ శుభ్రం చేశాకే మళ్లీ ఆన్ చేయాలి.

చివరగా స్కాన్

ఇలాంటివాటిని ఏరిపారేసే, మాల్‌వేర్‌బైట్స్ వారి యాడ్‌డబ్ల్యూక్లీనర్ ఉచితం, ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు. దాన్ని తయారీదారు సైట్ నుంచే తెచ్చుకోండి. దారి మళ్లిన సెర్చ్‌ను నమ్మి వెళితే నకిలీది చేతికి రావచ్చు. అప్పటికీ లొంగకపోతే విండోస్‌లోనే ఉండే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, సుమారు 15 నిమిషాలు పడుతుంది.

ఆపైన బ్రౌజర్ సెట్టింగ్స్‌ను రీసెట్ చేయండి. క్రోమ్‌లో బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు పోవు. ఇవన్నీ అయ్యాకే ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. ముందే మారిస్తే కొత్తవి కూడా దాని కంట పడవచ్చు.